జీవితానికి అర్థమేందని అడిగిన నెల్లూరు అబ్బాయికి, కందుకూరు నుంచి

నాయనా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ముప్పై నాలుగేళ్లు, నెల్లూరులో సొంత ఫ్లాటు, ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, జీతానికి లోటు లేదు, భార్యా బిడ్డా బాగానే ఉన్నారు. అయినా రాత్రి పదకొండు దాటాక 'ఇదంతా ఎందుకు' అనిపిస్తోందన్నావు. తత్వశాస్త్రం వీడియోలు చూస్తున్నావు, పుస్తకాలు తెప్పించి సగంలో ఆపేశావు. ఇంజనీరింగు స్నేహితుల గ్రూపులో పండగ శుభాకాంక్షలు తప్ప మాటల్లేవు. ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి, లేకపోతే గురువునెవరినైనా వెతుక్కోవాలా అని అడిగావు. నా కొడుకు వయసువాడివి, నువ్వనే అంటాను, ఏమీ అనుకోబాక.

నేను పండితుణ్ణి కాను. కందుకూరులో పొగాకు గ్రేడింగు పని ముప్పై ఏళ్లు చేసి మానేసినవాణ్ణి. 1998 నుంచి ప్రతి ఆదివారం సాయంత్రం ఒకే టీ బంకు దగ్గర ఒకే బెంచీ మీద నలుగురం కూర్చుంటున్నాం: ఒక టైలరు, ఒక లెక్కల మాస్టారు, ఒక ఆర్‌ఎంపీ, నేను. మధ్యలో ఎందరో వచ్చారు, కొన్నాళ్లుండి పోయారు. నాకున్న అర్హత ఆ బెంచీ ఒక్కటే.

ముందు ఒక సంగతి తేల్చుకో. నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం, బిడ్డ దగ్గరికొచ్చినా విసుగు రావడం వారాల తరబడి ఉంటే దానికి తత్వం పనికిరాదు. డాక్టరు దగ్గరికి పో. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ ఫోన్ నంబరు 14416, డబ్బులేమీ కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. మా ఆర్‌ఎంపీ తన దగ్గరికి వచ్చే వాళ్లలో ఇట్టాంటివాళ్లను పెద్దాసుపత్రికి పంపడానికే ఎక్కువ తంటాలు పడతాడు. అది కాదనుకుంటే మిగతాది చదువు.

మాట విలువ నాకు మొదట తెలిసింది బ్యారన్ దగ్గర, అంటే పొగాకును సెగతో ఎండబెట్టే కొట్టం దగ్గర. నువ్వు చూశావో లేదో, వర్జీనియా పొగాకును బ్యారన్‌లోకి ఎక్కించాక ఐదారు రోజులు రాత్రీ పగలూ మంట కనిపెట్టుకుని ఉండాలి. మొదట సన్నసెగ. ఆకు పచ్చదనం పోయి పసుపుకు తిరగాలి. ఆ తర్వాతే సెగ పెంచి ఆకు రేకు ఆరబెట్టాలి, చివర్న ఆకు నడిమి ఈనె. తొందరపడి మొదటిరోజే మంట ఎగదోస్తే ఆకు పచ్చగానే ఎండి కూర్చుంటుంది, వేలంలో దానివైపు ఎవడూ కన్నెత్తి చూడడు. అందుకని రాత్రంతా మనిషి మేలుకుని ఉండాలి. ఒక్కడైతే నిద్రపోతాడు కాబట్టి ఇద్దరు.

టైలరు వాళ్లకు అప్పట్లో చేనుండేది. ఇద్దరికీ ఇరవై దాటలా. గంటకోసారి లేచి, బ్యారన్ కిటికీ అద్దానికి టార్చిలైటు ఆనించి లోపల వేలాడే థర్మామీటరు చూసి, మొద్దు ఒకటి పొయ్యిలోకి తోసి, మళ్లీ నులక మంచం మీదికొచ్చేవాళ్లం. మొదటి రాత్రి సినిమా కబుర్లు. రెండో రాత్రికి ఊళ్లోవాళ్ల మీద చాడీలు కూడా అయిపోయాయి. మూడో రాత్రి రెండు గంటలప్పుడు వాడన్నాడు: "మా నాయన నన్ను ఎప్పుడూ దగ్గరికి తీసుకోలేదురా. నా ఒంటిమీద ఆయన చెయ్యి పడిందంటే అది దెబ్బే." నేనేం మాట్లాడలేదు. లేచిపోయి ఇంకో మొద్దు తోసొచ్చాను. తెల్లారేదాకా ఆ ఒక్క మాట మీదే ఉన్నాం. ప్రేమ ఉండీ చూపించకపోతే ఉన్నట్టా లేనట్టా? రేపు మనం తండ్రులమైతే ఏం చేస్తాం? ఏడ్చాడు గూడా, పొగ అన్నాడు. దాన్ని తత్వమంటారని మాకు అప్పుడు తెలియదు.

నీ కాలేజీ గ్రూపు ఇంకా మొదటి రాత్రి దగ్గరే ఆగిపోయినట్టుంది. వాళ్లు చెడ్డవాళ్లని కాదు, మూడో రాత్రి దాకా కూర్చోవాల్సిన అవసరం ఎవరికీ పడలేదు. అప్పట్లో మాకు బ్యారన్ ఆ అవసరం కల్పించింది. ఇప్పుడు అట్టాంటిది నువ్వే కల్పించుకోవాలి.

నువ్వేమో జీవితార్థాన్ని పోగొట్టుకున్న తాళంచెవి లాగా ఒక్కడివే వెతుకుతున్నావు. నెల్లూరు వాడివి, తిక్కన ఊరివాడివి గదా. విరాటపర్వం మొదలుకుని పదిహేను పర్వాలు ఆయన తెలుగు చేశాడు, అందులో శాంతిపర్వం ఒకటి. అక్కడ ధర్మరాజు పరిస్థితి చూడు. యుద్ధం గెలిచాడు, రాజ్యం చేతికొచ్చింది, కర్ణుడు అన్న అని తెలిసింది. "ఈ రాజ్యం నాకొద్దు, అడవికి పోతా" అంటాడు. నీ రాత్రి పదకొండు గంటల ప్రశ్న అదే. అప్పుడు చుట్టూ ఉన్నవాళ్లెవరూ ఆయన్ని ఒంటరిగా వదల్లేదు. అర్జునుడు వాదించాడు, భీముడు కోప్పడ్డాడు, ద్రౌపది గట్టిగానే చీవాట్లు పెట్టింది. వ్యాసుడు, కృష్ణుడు తలో మాటా చెప్పారు. చివరికి అంపశయ్య మీదున్న భీష్ముడి దగ్గరికి తీసుకుపోయారు. అక్కణ్ణుంచి ఈయన అడుగుతూనే ఉంటాడు, ఆయన చెబుతూనే ఉంటాడు.

మేం దాన్ని బెంచీ మీద వారానికి కొంచెం చొప్పున చదివాం, ఏడాది దగ్గర దగ్గర పట్టింది. నిజం చెప్పాలంటే రాజనీతి భాగం కొంత దాటేశాం, మాస్టారు ఒప్పుకోకపోయినా. భీష్ముడి జవాబులు కొన్ని మాకు అస్సలు నచ్చలేదు, ఆ రోజుల్లోనే టీలు ఎక్కువ ఖర్చయ్యాయి. ధర్మరాజు అడవికి పోకుండా ఆగింది మాత్రం ఫలానా జవాబు విని అని నాకు అనిపించదు. అడిగితే విసుక్కోకుండా వినే మనిషి దొరికాడు, రేపు అడగడానికి ఇంకో ప్రశ్న మిగిలింది. ప్రశ్న మిగిలినవాడు రేపటికోసం లేస్తాడు. ఇది నా అభిప్రాయం, పండితులు ఒప్పుకుంటారో లేదో.

ఇక ఎవరిని వెతుక్కోవాలి? అరిస్టాటిల్ స్నేహాన్ని మూడు రకాలు చేశాడు. పనికోసం చేసేది, సరదాకోసం చేసేది, ఎదుటి మనిషి మంచితనం చూసి చేసేది. మూడోది అరుదు, దానికి కాలం పడుతుందన్నాడు. కలిసి ఉప్పు తిననిదే ఒకరికొకరు తెలియరని ఒక పాత సామెత కూడా ఎత్తి చూపాడు. చినగంజాం లాంటి ఉప్పు కొటార్లున్న కోస్తా వాళ్లం, మాకు అది ఎవరో చెప్పాల్సిన పని లేదు. ఒక ఆదివారం మాస్టారు లెక్కేయబోయాడు, నలుగురం ఇన్నేళ్లలో బజ్జీలతో ఎంత ఉప్పు తిన్నామో. ఆర్‌ఎంపీ బీపీ సంగతి ఎత్తేసరికి లెక్క ఆగిపోయింది.

ఉప్పు సరే, మొదటి రోజు ఎవరి పక్కన కూర్చోవాలన్నది అరిస్టాటిల్ కంటే మీ ఊరి రొట్టెల పండగే బాగా చెబుతుంది. మొహర్రం రోజుల్లో స్వర్ణాల చెరువు దగ్గర, బారాషహీద్ దర్గా ముందు నువ్వు చూసే ఉంటావు. కోరిక ఉన్నవాళ్లు నీళ్లలోకి దిగి, అదే కోరిక తీరినవాళ్ల దగ్గర రొట్టె తీసుకుంటారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఆరోగ్యం రొట్టె. తీరాక మళ్లీ వచ్చి, ఈసారి తాము ఇంకొకరికి ఇస్తారు. ఏ మతమని ఎవరూ అడగరు. నేను ఒకసారి గట్టునే నిలబడి చూస్తున్నా. ఒక నడివయసు ఆడమనిషి మోకాలి లోతు నీళ్లలో రొట్టె పట్టుకుని "పిల్లోడి ఉద్యోగం రొట్టె, పిల్లోడి ఉద్యోగం రొట్టె" అని కేకేస్తోంది. ఇంకొకామె తడుస్తున్న చీర ఎత్తిపట్టుకుని గబగబా వచ్చింది. రొట్టె చేతులు మారింది. అయినా ఇద్దరూ కదల్లేదు. పదినిమిషాలు ఆ నీళ్లలోనే నిలబడి పిల్లల సంగతులు చెప్పుకున్నారు. నువ్వు చెయ్యాల్సింది అంతే. నీకున్న గుబులునే దాటి వచ్చినవాడు నీ ఎరికలో ఒకడు ఉంటాడు: మేనమామో, పాత మేనేజరో, అపార్టుమెంటులో కింది ఇంటాయనో. వీడియోలో మాట్లాడేవాడికి నీ పేరు తెలియదు. వీళ్లకు తెలుసు.

పోయి పెద్ద ప్రశ్న వెయ్యబాక. 'జీవితార్థం ఏంది సార్' అంటే ఎంతటివాడైనా ఉపన్యాసం మొదలుపెడతాడు. "మీకు నా వయసులో ఇట్ట అనిపించిందా? అప్పుడేం చేశారు?" అని అడుగు. మనిషి తన కథ చెప్పేటప్పుడు అబద్ధం తక్కువ ఆడతాడు.

భర్తృహరి పద్యం బళ్లో చదివే ఉంటావు. చెడ్డవాళ్ల స్నేహం పొద్దుటి నీడ, మొదట పెద్దగా ఉండి తగ్గిపోతుంది. మంచివాళ్లది మధ్యాహ్నం తర్వాతి నీడ, చిన్నగా మొదలై పెరుగుతుంది. కాబట్టి మొదటి నెలలో ఏమీ జరగలేదని మానేయబాక. మాకు మొదటి ఏడాదంతా కరెంటు కోతలు, పొగాకు ధరలే సరిపోయాయి.

మా వల్ల తప్పులు జరగలేదనుకోబాక. పెద్ద తప్పు నాదే. మాస్టారు కూతురు ఆయనకు చెప్పకుండా వేరే కులం అబ్బాయిని పెళ్లి చేసుకుంది. ఆ ఆదివారం ఆయన బెంచీ మీదికొచ్చి తలొంచుకుని కూర్చున్నాడు. నేను అప్పుడే ఏవో పుస్తకాలు చదివి ఉన్నా, నోరు ఊరుకోలా. మమకారమే దుఃఖానికి మూలం మాస్టారూ, కూతురు మీ సొత్తా, శాంతిపర్వం చదివి ఇదేనా నేర్చుకుంది అని దంచేశాను. నేను చెప్పిన దాంట్లో తప్పు లేదు, ఇప్పటికీ అదే నా అభిప్రాయం. ఆయన గ్లాసు కింద పెట్టి లేచిపోయాడు. టీ సగం అట్టనే ఉంది. పద్నాలుగు నెలలు మళ్లీ రాలేదు.

టైలరు ఏమీ అనలేదు, ప్రతి ఆదివారం ఆ చోట వదిలి కూర్చునేవాడు. అదే నాకు ఎక్కువ గుచ్చుకునేది. చివరికి ఒక మే నెలలో ఉలవపాడు మామిడికాయలు ఒక బుట్ట తీసుకుని వాళ్లింటికి పోయాను. క్షమాపణ చెప్పాలని దారంతా వాక్యాలు కట్టుకున్నా, వాకిట్లోకి రాగానే అన్నీ పోయాయి. ఆయన కత్తిపీట తెప్పించి కాయ కోశాడు. ముక్క నోట్లో పెట్టుకుని, "ఈసారి కాపు తక్కువంట గదా" అన్నాడు. "అవునంట సార్" అన్నాను. గంట కూర్చున్నా, కూతురి మాట ఇద్దరం ఎత్తలేదు. లేచేటప్పుడు "ఆదివారం వస్తాలే" అన్నాడు. ఇప్పుడు మనవడు ఆ బెంచీ కిందే ఆడుకుంటాడు, అది వేరే కథ. అప్పట్నుంచి నాకొక నియమం. ఎదుటివాడు అడిగేదాకా నా పుస్తకం తెరవను. తత్వం వీడియోలూ పుస్తకాలూ తిరగేస్తున్నావు గనక నీకు ముందే చెబుతున్నా, ఆ జబ్బు నీకూ పట్టొచ్చు.

మిగతా సంగతులు చిన్నవి. ముగ్గురికి తక్కువా ఐదుగురికి ఎక్కువా వద్దు, ఆరో మనిషి వస్తే సభ అయిపోతుంది. చోటూ టైమూ మార్చబాక. "ఈ వారం ఎక్కడ, ఎన్నింటికి" అని ఫోన్లు మొదలైన రోజే ఆ స్నేహానికి రోజులు దగ్గరపడ్డట్టు. ఫోన్లు మా టీ బంకువాడి డబ్బాలో వేసేస్తాం. ఎన్నికల నెలల్లో మా బెంచీకి సెలవు, 2019లోనూ 2024లోనూ అట్టనే తప్పించుకున్నాం. అప్పు ఇచ్చుకోవడం, ష్యూరిటీ సంతకాలు మాత్రం మా నలుగురి మధ్య లేవు. ఇది కఠినంగా ఉందని కొందరంటారు. ఉండనీ.

మాస్టారు మళ్లీ రావడం మొదలెట్టాక ఒకసారి వ్యాను మాట్లాడుకుని దొనకొండ దగ్గర చందవరం పోయాం, గుండ్లకమ్మ ఒడ్డున బౌద్ధ స్తూపం చూడటానికి. ఎండ మాడిపోతోంది. ఆ ఇటుకల పక్కన కూర్చుని మాస్టారే చెప్పాడు. శిష్యుడు ఆనందుడు బుద్ధుడితో, మంచి స్నేహం ఈ సాధనలో సగం భాగమని తోస్తోందన్నాడంట. అట్ట అనబాక ఆనందా, సగం కాదు, మొత్తం అదేనన్నాడంట బుద్ధుడు. పద్నాలుగు నెలలు అలిగినాయన నోట ఆ మాట రావడమే విడ్డూరం. నేను నీళ్ల సీసా అందించాను.

ఇంకొకటి ఒప్పుకోవాలి. మా ఆవిడ దీన్నంతా చూసి నవ్వుతుంది. "మీరు నలుగురు కూర్చుని జీవితార్థం తేలుస్తారు, ఇక్కడ గ్యాసు బండ అయిపోయి రెండు రోజులు" అంటుంది. ఆమె మాట అబద్ధం కాదు. వేసవిలో మా అరుగు మీద ఐదారుగురు ఆడవాళ్లు చింతపండు గింజ తీస్తూ మాట్లాడుకునే మాటలు చెవినబడుతుంటాయి. మొగుడు పోయిన మనిషి ఇంట్లో తన చోటేందని అడుగుతుంది, ఇంకొకామె తన సంగతి చెబుతుంది. వాళ్లు పేరు పెట్టలేదు, నేను పెట్టుకున్నా, అంతే తేడా. నువ్వు కూడా బయట వెతికే ముందు మీ ఆవిడతో ఒకసారి మాట్లాడావా? నీ ప్రశ్న మొత్తంలో ఆమె 'బాగానే ఉన్నారు' అన్న రెండు మాటల్లో అయిపోయింది.

గురువు సంగతి నాకు తెలియదు, దొరికితే మంచిదే. పుస్తకం అడిగావు కాబట్టి ఒకటి చెబుతా. భారతంలో అరణ్యపర్వం చివర యక్షప్రశ్నలు. నన్నయ వదిలేసిన ఆ పర్వశేషాన్ని పూరించింది ఎఱ్ఱన. ఆయనది మా గుడ్లూరేనని ఇక్కడ అందరి నమ్మకం. 2022లో జిల్లాలు మార్చినప్పుడు మమ్మల్ని మీ నెల్లూరులో కలిపారు గనక నువ్వు కూడా మావాడనుకోవచ్చు. ఒక్కడివే చదవబాక. వారానికి ఒక్క ప్రశ్న, ఎవరికైనా పైకి చదివి వినిపించు. జవాబు చూసేముందు మీ జవాబు చెప్పుకోండి.

ఇప్పుడు మేం చదువుతున్నదీ అదే, కాకపోతే బెంచీ మారింది. టైలరుకు రెండేళ్ల కింద కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు డయాలిసిస్, తడవకు నాలుగు గంటలు. సోమవారం మాస్టారు, బుధవారం ఆర్‌ఎంపీ, శుక్రవారం నేను పక్కన కూర్చుంటాం. మిషను పట్టిన చెయ్యి కదపకూడదు కాబట్టి పేజీ మేమే తిప్పాలి. నీళ్లు, టీ కొలిచి తాగాలి వాడు, అందుకని నేను బయటే తాగేసి, నోరు కడుక్కుని లోపలికి పోతా. మొదట్లో ఎపిక్యురస్ అనే పాతకాలపు గ్రీకు తత్వవేత్త సంగతి చెప్పాను వాడికి. ఏథెన్సులో తోట కొని స్నేహితులతో కలిసి బతికినవాడు, ఆడవాళ్లనీ బానిసలనీ కూడా రానిచ్చినవాడు. క్రీ.పూ. 270లో మూత్రం బిగుసుకుపోయి విపరీతమైన నొప్పితో పోతూ, చివరి ఉత్తరంలో ఒక మిత్రుడికి రాశాడు, మనం మాట్లాడుకున్న మాటలు తలుచుకుంటుంటే ఆ సంతోషం ఈ నొప్పికి ఎదురు నిలుస్తోందని. టైలరు కాసేపు పైకప్పు చూసి, "నిజంగానే అంత పనిచేస్తయ్యా మాటలు?" అన్నాడు. "నువ్వే చెప్పాల" అన్నాను. "సగం" అన్నాడు. "మిగతా సగం ఆ సూది సరిగ్గా గుచ్చే నర్సమ్మ."

పోయిన శుక్రవారం యక్షప్రశ్నల్లో మిత్రుల దగ్గరికి వచ్చాం. పరదేశం పోయేవాడికి మిత్రుడెవరని యక్షుడి ప్రశ్న, దారిలో కలిసి నడిచే తోటివాళ్లని ధర్మరాజు జవాబు. ఇంట్లో ఉన్నవాడికి భార్య. రోగికి వైద్యుడు. చనిపోయేవాడికి దానం. వాడు మూడోదాని దగ్గర నన్ను ఆపాడు.

"ఏందబ్బా, మళ్లీ చదువు."

చదివాను.

"ధర్మరాజు లెక్క ప్రకారం నాకు మిత్రుడు ఆ డాక్టరు. మరి నువ్వెందుకొస్తుండావు?"

మిషను గంట కొట్టింది, నర్సు వచ్చింది, పేజీలో వేలు పెట్టుకుని నేను పక్కకు జరిగాను. జవాబు ఇంకా చెప్పలేదు. ఎల్లుండి మళ్లీ శుక్రవారం, వాడు మర్చిపోయే రకం కాదు.